జీపుగారి దినచర్య

మా ఇంటికి వచ్చిన చుట్టాలు కాఫీ పుచ్చుకుని, పిల్లల చదువులు కనుక్కుని, లేచి చెప్పులు తొడుక్కోబోయే ముందు తప్పకుండా ఒక మాట అంటారు: "ఇంకా ఆ జీపే వాడుతున్నారా, మేష్టారూ?"

ఆ "ఇంకా" అనే మాటలో చాలా అర్థాలున్నాయి. తెలుగు చెప్పుకు బతుకుతున్నవాణ్ణి గనుక అవన్నీ నాకు తెలుస్తూనే ఉంటాయి. కొత్త కారు కొనే స్తోమతు లేదా అన్నది మొదటి అర్థం. ఉండీ కొనని పిసినారితనమా అన్నది రెండోది. నడిరోడ్డు మీద ఆగిపోతే ఇంటిల్లిపాదీ యేమైపోతారన్నది మూడోది. మా ఆవిడ ఈ మూడో అర్థాన్ని మాత్రమే పట్టుకుని, చుట్టాలు వీధి మలుపు తిరిగేదాకా నా వంక చూస్తూ నిలబడుతుంది.

ఆ జీపు 1993 నాటిది. మహీంద్రా వారి ఎం.ఎం. 540. దాని నంబరు ఏపీ 16తో మొదలవుతుంది. అంటే అచ్చంగా ఉమ్మడి కృష్ణాజిల్లా బిడ్డ అన్నమాట. నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను, కావాలంటే నాలుగు చక్రాలకూ బలం అందించే ఏర్పాటు, కిటికీ అద్దాల బదులు కాన్వాసు తెరలు. చల్లగాలి యంత్రం లేదు. గాలి మాత్రం కావలసినంత. సత్యనారాయణపురంలో మా ఇంటి నుంచి ఉయ్యూరు అవతల మా కాలేజీకి రానూ పోనూ 80 కిలోమీటర్లు, వారానికి ఆరు రోజులు నన్ను మోస్తున్నది. చెరుకు బళ్ళు రోడ్డు నిండా నడిచే రోజుల్లోనూ, రోహిణీ కార్తె ఎండల్లోనూ మోస్తున్నది. గడచిన ఎనిమిదేళ్ళలో నేను దోవలో నిలబడిపోయినది రెండే సార్లు. ఒకసారి టైరు పంక్చరు. రెండోసారి డీజిలు పోయించడం నేను మరిచిపోయాను. ఆ రెంటికీ జీపును తప్పు పట్టడానికి లేదు.

ఇదంతా నా గొప్ప చెప్పుకోవడానికి అనుకునేరు. కాదు. అంతకు ముందు ఒక రాత్రి అది కదలలేదు. ఆ రాత్రి సంగతీ, దాని నుంచి నేను నేర్చుకున్న సంగతులూ చెప్పడానికే ఈ వారం కలం పట్టాను. ఇంట్లో పాత బండి ఉన్నవారికి పనికిరావచ్చు. బండి లేనివారికి కూడా కాస్తో కూస్తో పనికిరావచ్చు.

* * *

ముందు జీపుగారి వంశం గురించి రెండు మాటలు. జీపు యుద్ధంలో పుట్టింది. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ ఈ బళ్ళను లెక్కకు మిక్కిలిగా తయారు చెయ్యడం మొదలుపెట్టింది. మన దేశంలో 1945లో మహీంద్రా సోదరులూ, మాలిక్ గులాం మహమ్మద్ అనే ఆయనా కలిసి ఉక్కు వ్యాపారానికి ఒక కంపెనీ పెట్టారు. దేశవిభజన జరగ్గానే గులాం మహమ్మద్ పాకిస్తాను వెళ్ళి ఆ దేశానికి మొదటి ఆర్థికమంత్రి అయ్యాడు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ మిగిలినవారు 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మార్చుకున్నారు. విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి ఇక్కడ బిగించి అమ్మడం మొదలుపెట్టినది వీరే. డీజిలు ఇంజన్లు తరువాత వచ్చాయి. మా జీపులో ఉన్న ఇంజను ఫ్రాన్సులోని ప్యూజో వారి నమూనా. దాని పేరు ఎక్స్‌డీపీ 4.90. నాలుగంటే నాలుగు సిలిండర్లు, తొంభై అంటే ఒక్కొక్క సిలిండరు వెడల్పు 90 మిల్లీమీటర్లు. ఛందస్సులో గణాలలాగా ఇంజను పేరులోనే దాని లక్షణం చెప్పేశారు. నాకు నచ్చింది.

మా నాన్నగారి తరానికి జీపంటే సమితి జీపు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక బి.డి.ఓ. గారి జీపు ఊళ్ళోకి వస్తే, పిల్లలంతా దుమ్ములో దాని వెంట పరుగెత్తేవారట. అయితే నాన్నగారు జీపు కొన్నది ఆ దర్జా చూసి కాదు. మా ఊరు మోపిదేవి దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన నాటికి ఆయనకు ముప్ఫై రెండేళ్ళు. ఆ తరువాత వారం రోజులూ దెబ్బలు తగిలినవాళ్ళను మంచాల మీదా, భుజాల మీదా మోసుకుపోయారట. ఎద్దులు కొట్టుకుపోయాయి. బళ్ళు లేవు. ఉన్నా దోవలు లేవు. ఆ వారం ఆయన మనసులో అలాగే ఉండిపోయింది. 1993లో రెండు పంటలు కలిసివచ్చాక, బెజవాడ వెళ్ళి జీపుతో తిరిగి వచ్చారు.

"రైతుకు జీపెందుకయ్యా, మోటారుసైకిలు చాలదూ?" అని ఊళ్ళో నవ్వితే ఆయన ఒకటే మాట అన్నారు: "సుఖానికి కొనలేదు, అవసరానికి కొన్నాను."

ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

* * *

నాకు ఉద్యోగం వచ్చి, బెజవాడలో కాపురం పెట్టి, అమ్మా నాన్నగారూ మా దగ్గరకు వచ్చేశాక, జీపు కూడా వారి వెంట వచ్చింది. నేను అప్పట్లో కాలేజీకి బస్సులో వెళ్ళేవాణ్ణి. జీపు వాకిట్లో రేకుల కింద ఉండేది. నెలకోసారి పొలం చూడడానికి ఊరు వెళ్ళినప్పుడు దుమ్ము దులిపి ఎక్కేవాళ్ళం. నడుస్తున్నది గదా అనుకునేవాణ్ణి.

2016 డిసెంబరు. రాత్రి రెండు గంటలు. నాన్నగారు ఛాతీలో నొప్పి అని లేచి కూర్చున్నారు. ఒళ్ళంతా చెమట. నేను తాళాలు తీసుకుని జీపు దగ్గరకు పరుగెత్తాను. తాళం తిప్పితే అది మూలిగింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ మూలిగింది. ఇంజను అందుకోబోయి అందుకోబోయి ఆగిపోతున్నది. పది నిమిషాలు దానితో కుస్తీ పట్టాను. చివరికి మూలుగు కూడా ఆగిపోయింది. అప్పటికి గాని ఎదురింటివారి తలుపు తట్టాలని తోచలేదు. పాపం, ఆయన లుంగీ మీదనే కారు తీశాడు.

నాన్నగారు దక్కారు. "కాస్త ముందు తీసుకువస్తే ఇంకా బాగుండేది" అని డాక్టరు గారు అన్న మాట మాత్రం నాకిప్పటికీ వినబడుతూ ఉంటుంది. ఇక్కడ జీపుతో సంబంధం లేని మొదటి పాఠం చెప్పేస్తాను. ఛాతీ నొప్పి అన్నప్పుడు ముందు 108కు ఫోను చెయ్యండి. బండి సంగతి తరువాత. నేను ఫోను చెయ్యవలసిన పది నిమిషాలూ తాళంచెవి తిప్పుతూ కూర్చున్నాను.

మర్నాడు మేస్త్రి వచ్చి చూశాడు. ఏదో పెద్ద రోగం బయటపడుతుందనుకున్నాను. తీరా చూస్తే మూడు చిన్న లోపాలు. బ్యాటరీ కొనల మీద తెల్లగా, పచ్చగా బూజులాగా పేరుకుపోయి కరెంటు సరిగా అందడం లేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు వేడి పుట్టించే హీటరు ప్లగ్గులు నాలుగింటిలో రెండు మాడిపోయి ఉన్నాయి. డీజిలు గొట్టం అతుకు దగ్గర రాగి వాషరు వదులై లోపలికి గాలి జొరబడుతున్నది. మూడూ కలిపి రెండు వేల రూపాయల లోపు పని. మూడింటిలో ఏ ఒక్కటీ ఆ రాత్రి పుట్టినది కాదు. నెలల తరబడి ఉన్నవే. ఒక్కొక్కటి విడిగా ఉంటే బండి ఎలాగో నడిచేదే. మూడూ కలిసిన రాత్రి, అవసరం వచ్చిన రాత్రి ఒకటే అయింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక నాన్నగారు పడక కుర్చీలో కూర్చుని అన్నారు: "బండిది తప్పు కాదురా. ఎద్దునయితే రెండు పూటలా చూసుకునేవాళ్ళం. ఆకలేస్తే అరుస్తుంది, కాలు నొప్పయితే కుంటుతుంది. ఇది అరవదని నువ్వు చూడ్డం మానేశావు."

ఆయన అన్నది అంతే. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. తరువాత మూడేళ్ళు బతికారు. ఆ వారమే నేను బజారుకు వెళ్ళి రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొన్నాను. మరుసటి నెల నుంచి బస్సు మానేసి జీపులో కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాను. యంత్రానికి పని లేకపోవడమే పెద్ద జబ్బు అని మేస్త్రి చెప్పాడు.

* * *

చూసుకోవాలంటే ముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి గదా. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు భాగం చెయ్యి కాలేటంత వేడెక్కడం మీరు చూసే ఉంటారు. గాలిని అణిచితే వేడి పుడుతుంది. డీజిలు ఇంజనంతా ఈ ఒక్క సూత్రమే. సిలిండరులోకి పీల్చిన గాలిని ఇరవై రెట్లకు పైగా అణుస్తుంది. ఆ వేడి గాలిలోకి సన్నని తుంపరగా డీజిలు చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనులోలాగా నిప్పురవ్వ అక్కరలేదు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణంలో దీన్ని సాధించి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజనును వేరుశనగ నూనెతో కూడా నడిపి చూపించారు. పల్లీ నూనె విలువ మనకొకరు చెప్పాలా!

కాబట్టి దీనికి కావలసినవి మూడే: శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిలు, తెల్లవారుజామున కాస్త వేడి. చల్లని లోహం గాలి వేడిని తాగేస్తుంది. అందుకే హీటరు ప్లగ్గులు. తాళం మొదటి మెట్టులో పెట్టి పదిహేను అంకెలు లెక్కపెట్టి అప్పుడు తిప్పాలి. తొందరపడి వెంటనే తిప్పితే బ్యాటరీ అరుగుతుంది, ఇంజను దగ్గుతుంది.

డీజిలులో గాలి చేరితే ఇంజను నిలిచిపోతుంది. దీన్ని మన రైతులకు చెప్పనక్కరలేదు. డెల్టాలో చేలకు నీళ్ళు తోడిన ఆయిలింజన్లన్నీ ఇదే జాతి. ఫిల్టరు మీది మర కాస్త వదులు చేసి, చేతిపంపు నొక్కుతూ పోతే బుడగలు బుడగలుగా నురుగు వస్తుంది. బుడగలు పోయి డీజిలు ఒకే ధారగా వచ్చినప్పుడు, నొక్కుతూనే మర బిగించాలి. నాన్నగారు పొలంలో ఇది కళ్ళు మూసుకుని చేసేవారు. ఎమ్మే చదివిన నాకు ముప్ఫై ఏడేళ్ళు వచ్చేదాకా తెలియదు.

ఇప్పుడు నా పొద్దుటి దినచర్య. సరిగ్గా అయిదు నిమిషాలు. మా ఆవిడ దీనికి "జీపుగారి సంధ్యావందనం" అని పేరు పెట్టింది.

మొదట వంగి నేల చూస్తాను. రాత్రి జీపు నిలిచిన చోట మరక ఉందా? నల్లగా ఉంటే ఇంజను ఆయిలు. తేనెలాగా చిక్కగా ఘాటు వాసన వేస్తే గేరు ఆయిలు. చక్రం లోపలి వైపు తడిగా ఉంటే బ్రేకు ఆయిలు. ఆ రోజు జీపు కదలదు, నేను బస్సెక్కుతాను. తరువాత గేజిపుల్ల తీసి ఇంజను ఆయిలు చూస్తాను. డీజిలు ఇంజనులో ఆయిలు వేసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది మసి, కంగారుపడనక్కరలేదు. గీత కిందికి దిగిందా అన్నదే ముఖ్యం. రేడియేటరు మూత ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీసి నీళ్ళ మట్టం చూస్తాను. వేడిగా ఉన్నప్పుడు తీస్తే ముఖం కాలుతుంది. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కి చూస్తాను. బ్యాటరీ కొనలు వేలితో కదిపి చూస్తాను. అయిపోయింది.

వారానికి ఒకసారి డీజిలు ఫిల్టరు అడుగు మర విప్పి, పేరుకున్న నీళ్ళు వదిలేస్తాను. వానాకాలంలో టాంకులో నీటి చెమ్మ చేరుతుంది. మా జీపులో గాలి ఫిల్టరు పాతకాలపుది. అడుగున ఒక గిన్నెలో ఆయిలు ఉంటుంది, దుమ్మంతా అందులో పడిపోతుంది. కోతలూ నూర్పిళ్ళూ జరిగే రోజుల్లో ఊరు వెళ్ళివస్తే ఆ గిన్నెలో మడ్డి అంగుళం మందాన కనబడుతుంది. కడిగి కొత్త ఆయిలు పోయకపోతే, ఇంజను ఊపిరాడక నల్లని పొగ కక్కుతుంది. అయిదు వేల కిలోమీటర్లకు ఇంజను ఆయిలూ, పది వేలకు డీజిలు ఫిల్టరూ మారుస్తాను. నెలకోసారి ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులకూ, కమాను కట్టల పిన్నులకూ, స్టీరింగు కీళ్ళకూ గ్రీజు కొట్టిస్తాను. ప్రతిదీ తారీఖు వేసి, కిలోమీటర్లు వేసి నోటు పుస్తకంలో రాస్తాను. జ్ఞాపకశక్తిని నమ్ముకుంటే "మొన్ననే గదా మార్చాను" అనిపిస్తుంది. పుస్తకం చూస్తే ఆ మొన్న పోయిన సంక్రాంతి అని తెలుస్తుంది.

* * *

పాత బండికి ఊరు కూడా కలిసి రావాలి. బెజవాడ వాళ్ళకు ఆటోనగర్ ఉంది. లారీలకు బాడీలు కట్టడంలో దానికి దేశమంతటా పేరు. అక్కడ ఒక్కరే అన్నీ చెయ్యరు. డీజిలు పంపుకు ఒక షాపు, రేడియేటరుకు ఒక షాపు, కమాను కట్టలకు ఒక కొలిమి, లేతు పనికి ఒకరు, డైనమో చుట్టడానికి ఒకరు, సీట్లు కుట్టడానికి ఒకరు. మన ఆస్పత్రుల్లో కంటికొకరు, చెవికొకరు వచ్చారు గాని ఆటోనగర్‌లో ఎప్పటి నుంచో అంతే.

ఈ డాక్టర్లలో కూడా తొందరపాటువాళ్ళు లేకపోలేదు. ఒక వేసవిలో జీపు వేడెక్కుతున్నదని ఒక మెకానిక్కు దగ్గరకు తీసుకుపోతే, ఆయన ఇంజను తలకాయ దగ్గర ఉండే థర్మోస్టాటు అనే చిన్న కవాటాన్ని పీకి అవతల పారేశాడు. "మన ఎండలకు ఇదెందుకండీ?" అన్నాడు. జీపు చల్లబడింది. నేనూ సంతోషించాను. కొన్ని నెలలకు పుస్తకం చూస్తే లీటరుకు పదకొండు కిలోమీటర్లు ఇచ్చేది తొమ్మిదిన్నరకు దిగింది. మా మేస్త్రి చెప్పాడు: ఇంజనుకు అతివేడి ఎంత చెడో, అతిచల్లన కూడా అంతే చెడు. చాలినంత వేడి లేకపోతే డీజిలు పూర్తిగా కాలదు, ఆయిలు పాడవుతుంది, సిలిండర్లు అరుగుతాయి. ఆ కవాటం ఇంజను వేడెక్కేదాకా మూసుకుని ఉండి, తరువాత తెరుచుకుంటుంది. అసలు జబ్బు రేడియేటరు గొట్టాల్లో పేరుకున్న సున్నం. రేడియేటరు విప్పి, గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయించి, కొత్త థర్మోస్టాటు వేయించాను. జ్వరం వస్తే థర్మామీటరు పగలగొట్టే వైద్యం ఇంకెప్పుడూ చేయించుకోలేదు.

పొగ కూడా ఒక భాషే. దాని వ్యాకరణం చిన్నది. నల్లని పొగ అంటే గాలి తక్కువ లేదా డీజిలు ఎక్కువ. ఫిల్టరో, డీజిలు చిమ్మే నాజిల్సో చూపించాలి. నీలం పొగ అంటే ఇంజను ఆయిలు తాగుతున్నది. పొద్దుటిపూట కాసేపు తెల్లని పొగ వస్తే చలి. వేడెక్కాక కూడా తగ్గకపోతే రేడియేటరు నీళ్ళు లోపలికి దిగుతున్నాయేమో చూడాలి.

విడిభాగాలు దొరకవేమోనని చాలామంది భయపడతారు. ఇంతవరకు నాకు దొరకని భాగం లేదు. భయపడవలసినది నకిలీ భాగాలకు. పాత భాగం చేతిలో పట్టుకుని వెళ్ళి, పక్కన పెట్టి, బరువు చూసి కొంటాను. సీటు కింద పెట్టెలో ఎప్పుడూ ఒక ఫ్యాను బెల్టు, రేడియేటరు రబ్బరు గొట్టం, డీజిలు ఫిల్టరు, ఫ్యూజులు, నాలుగు పానాలు, తాడు, అయిదు లీటర్ల నీళ్ళు ఉంటాయి.

* * *

ఇక నాలుగు చక్రాల సంగతి. మామూలుగా వెనక చక్రాలు రెండే తోస్తాయి. ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి. మీట లాగితే నాలుగూ తోస్తాయి. మా పొలానికి వెళ్ళే డొంక నల్లరేగడి. ఒక్క వాన పడితే పాదాన్ని కూడా పట్టుకుని వదలదు. అక్కడ ఈ మీట విలువ తెలుస్తుంది.

అయితే దీన్ని పొడి తారు రోడ్డు మీద వెయ్యకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలూ వెనక చక్రాలూ సమానదూరం నడవవు. నేల మెత్తగా ఉంటే ఆ తేడా జారిపోతుంది. తారు మీద జారే వీలు లేక పళ్ళచక్రాలు బిగుసుకుని అరిగిపోతాయి. అలాగని ఏడాది పొడుగునా వాడకుండా ఉంచితే ముందు యాక్సిలులో ఆయిలు కదలక, అవసరానికి మీట పడదు. నెలకోసారి మట్టిరోడ్డు మీద అర కిలోమీటరు వేసి నడపాలి. నాలుగు టైర్లూ ఒకే కొలతవి, ఇంచుమించు ఒకే అరుగుదలలో ఉండాలి. ఒకటి కొత్తది, మూడు పాతవి అయితే గేర్ల మీద భారం.

నీళ్ళలో దిగడం వేరే విద్య. ఇంజను గాలిని అణచగలదు గాని నీళ్ళను అణచలేదు. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోతే లోపలి కనెక్టింగు రాడ్లు వంగిపోతాయి. నీళ్ళలో ఇంజను ఆగితే మళ్ళీ తాళం తిప్పకూడదు. తోసుకుంటూ బయటికి తేవలసిందే. ఇంకొకటి, వేడిగా ఉన్న యాక్సిలు చన్నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్ళను పీల్చుకుంటుంది. బయటికి వచ్చాక గేరు ఆయిలు చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. అప్పుడు మార్చేయాలి. చక్రం మధ్య బుడిపె మునిగేదాకా నా హద్దు. ప్రవాహం ఉంటే ఆ హద్దు కూడా లేదు, దిగనే దిగను.

ఈ హద్దు నాకు పరీక్షగా వచ్చినది 2024 సెప్టెంబరు 1న. ఆదివారం. అంతకు ముందు రోజంతా కుంభవృష్టి. తెల్లవారేసరికి బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజి దగ్గర మర్నాటికి ఎన్నడూ లేనట్టు 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. మా మేనత్త సింగ్‌నగర్‌లో ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ళది. కింది వాటా. "మేడ మీద వాళ్ళింట్లో ఉన్నాం, నీళ్ళు కిటికీల దాకా వచ్చాయిరా" అని ఫోను.

జీపు ఒక్క తిప్పుకు అందుకుంది. దోవలో మోకాటి లోతు నీళ్ళలో నాలుగు చక్రాలూ వేసి, రెండో గేరులో నెమ్మదిగా ఫ్లైఓవరు ఎక్కాను. అవతల దిగబోయే చోట చూస్తే రోడ్డు లేదు. నీళ్ళే. కార్ల పైకప్పులు తెప్పల్లాగా కనబడుతున్నాయి. పక్కనున్న కుర్రాడెవరో "జీపే గదా సార్, పోనివ్వండి!" అన్నాడు. ఒక్క క్షణం నాక్కూడా పోనివ్వాలనిపించిందని ఒప్పుకుంటున్నాను. అవతల మేనత్త ఉన్నది. పది నిమిషాలు ఆలస్యమైతే యేమవుతుందో నాకు తెలుసు. కాని ఆ నీళ్ళలో దిగితే కాపాడవలసినవాళ్ళ లెక్కలో నేనొకణ్ణి పెరుగుతాను తప్ప ఒకరు తగ్గరు. జీపును ఫ్లైఓవరు మీదే తిప్పి నిలబెట్టాను.

మర్నాడు సాయంత్రం మా అత్తయ్య పడవలో వచ్చింది. ఒక చేతిలో మందుల సంచి, ఇంకొక చేతిలో దేవుడి పటం. ఆమెతో పాటు ముక్కూ మొహం తెలియని అయిదుగురిని ఎక్కించుకుని ఇంటికి వచ్చాను. ఆ రెండు రోజుల్లో జీపు ఎనిమిది సార్లు అటూ ఇటూ తిరిగింది. పాలూ, మంచినీళ్ళూ తీసుకుపోవడం, మనుషుల్ని తీసుకురావడం. ప్రతి రాత్రీ బ్రేకు తొక్కుతూ కాస్త దూరం నడిపి డ్రమ్ములు ఆరబెట్టాను. మూడో రోజు ముందు యాక్సిలు ఆయిలు చూస్తే టీ రంగులో ఉంది. మార్పించి, అంతటా గ్రీజు కొట్టించాను. పుస్తకంలో ఆ పేజీకి తారీఖులు మాత్రమే వేశాను. ఇంకేమీ రాయలేదు.

నాన్నగారు ఉంటే బాగుండును అనిపించింది.

* * *

లెక్కలు చెప్పకపోతే గృహిణులు నమ్మరు. డీజిలు కాక, పోయిన ఏడాది జీపు మీద అయిన ఖర్చు 41,000 రూపాయలు. టైర్లు మార్చిన ఏడాది ఇంకా ఎక్కువ. ప్రయివేటు బండికి మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. ఆ తరువాత అయిదేళ్ళకొకసారి పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. ఈ పొడిగింపు రుసుము కార్లకు, జీపులకు 600 రూపాయలుండేది. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. పాతబళ్ళు తగ్గాలనే ఉద్దేశం స్పష్టమే.

ఆ ఉద్దేశంలో తప్పు లేదు కూడాను. నా జీపు మీద నాకెంత ప్రేమ ఉన్నా ఒక మాట దాచకూడదు. కొత్త డీజిలు బళ్ళలో మసిని పట్టి ఆపే ఏర్పాట్లున్నాయి. మా జీపులో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లోనే డీజిలు పొగను క్యాన్సరు కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఆదేశించింది. 2020 నుంచి మనకు అందుతున్న డీజిలులో గంధకం బాగా తగ్గినందువల్ల కొంత మేలు. మిగిలిన మేలు మనమే చెయ్యాలి. అందుకే ఏడాదికోసారి నాజిల్సు పరీక్ష చేయిస్తాను. బడి ముందు, ఆస్పత్రి ముందు ఇంజను ఆపేస్తాను. పొగ పరీక్షలో తప్పి, మరమ్మతుకు కూడా లొంగని రోజు వస్తే, ఆ రోజే దాన్ని రోడ్డు దింపేస్తానని మా ఆవిడకు మాట ఇచ్చాను. ఆ మాట కూడా నోటు పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంది, నా సంతకంతో సహా.

అంతవరకు అది మాతోనే ఉంటుంది. పాతబండి నమ్మకమైనదా అని ఎవరైనా అడిగితే, బండిని కాదు, దాన్ని చూసుకునేవాణ్ణి అడగాలంటాను. అవసరం చెప్పి రాదు. అరవనివాటినే రోజూ చూసుకోవాలి. ఈ మాట జీపుకు మాత్రమే వర్తిస్తుందని నేననుకోను. ఇంట్లో అరవకుండా మూల కూర్చునే పెద్దవాళ్ళున్నారు.

మొన్న ఆదివారం మా అమ్మాయి గేజిపుల్ల తుడిచి, ముంచి, వెలుగులో పట్టి చూసి, "నాన్నా, గీత కొంచెం దిగింది" అన్నది. ఇంటరు చదువుతున్నది. పుస్తకంలో తనే రాసింది. నా దస్తూరీ కన్న బాగుంది.

ఆ మధ్యాహ్నమే మా తోడల్లుడి ఫోను. కొత్త కారు. ఏడాది కాలేదు. ఊరికి వెళ్ళి వారం రోజులు తాళం వేసి ఉంచితే బ్యాటరీ దిగిపోయిందట, రైలు టైమవుతున్నదట. పోయినసారి చెప్పులు తొడుక్కుంటూ "ఇంకా ఆ జీపేనా?" అన్నది ఆయనే.

నేను నోరు తెరిచే లోపలే మా ఆవిడ ఫోను అందుకుంది. "కంగారు పడకండి, అన్నయ్యగారూ. మా జీపు వస్తున్నది" అన్నది.

"మా జీపు" అన్నది, విన్నారా? ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.